పేరు మార్చుకున్న దేశానికి మీ బాకీ ఎప్పుడు తీరుస్తారు?

యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షులు ఆంటోనియో కోస్టా గారికి, 27 సభ్య దేశాల అధినేతలకు,

నమస్కారం.

నేను జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాడిని. మీ ఎన్నికల్లో నాకు ఓటు లేదు. నెలనెలా జీతంలోంచి పన్ను మాత్రం పోతోంది. అందులో ఎంతో కొంత మీ యూరోపియన్ యూనియన్ ఖాతాకు చేరుతుంది కాబట్టి, ఒక దేశాన్ని మీలో చేర్చుకుంటామని మీరిచ్చిన మాట ఏమైందని అడిగే చనువు తీసుకుంటున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఈ వ్యవహారం మా పాఠకుల దాకా దాదాపుగా రాలేదు. ఇక మీ సంగతంటారా, 24 అధికార భాషలతో నెట్టుకొస్తున్న సంస్థకు ఇరవై అయిదో భాషలో ఒక ఉత్తరం వస్తే పెద్ద భారమేమీ కాదు.

విషయం ఉత్తర మాసిడోనియా. గ్రీసుకు ఉత్తరాన, బల్గేరియాకు పడమట ఉన్న చిన్న దేశం. జనాభా 18 లక్షల పైచిలుకు. దాని రాజధాని స్కోప్యే పేరు మా వాళ్లు విన్నారంటే అది మదర్ థెరిసా పుట్టిన ఊరు కావడం వల్లే. మీకు మాత్రం ఆ దేశం గురించి అక్షరం అక్షరం తెలుసు. మీ దస్త్రాల్లో దాని మీద ఉన్నన్ని నివేదికలు బహుశా దాని సొంత ప్రభుత్వం దగ్గర కూడా ఉండవు.

2001 ఏప్రిల్‌లో, ఆ ప్రాంతంలో అందరికంటే ముందు మీతో, సభ్యత్వానికి తొలి మెట్టు లాంటి స్థిరీకరణ, భాగస్వామ్య ఒప్పందం మీద సంతకం చేసింది ఆ దేశమే. అప్పటికి అక్కడ అల్బేనియన్ సాయుధులకూ ప్రభుత్వ బలగాలకూ మధ్య కాల్పులు జరుగుతున్నాయి. ఆ ఆగస్టులో ఓహ్రిద్ శాంతి ఒప్పందం కుదిరింది. దేశం నిలబడింది. 2003లో థెస్సలోనికి సమావేశంలో బాల్కన్ దేశాల భవిష్యత్తు మీ యూనియన్‌లోనే ఉందని మీరే ప్రకటించారు. 2004లో వాళ్లు దరఖాస్తు పెట్టారు, 2005 డిసెంబరులో అభ్యర్థి హోదా ఇచ్చారు. 2009లో మీ కార్యనిర్వాహక విభాగమైన యూరోపియన్ కమిషనే, ఇక సభ్యత్వ చర్చలు మొదలుపెట్టవచ్చని సిఫారసు చేసింది. చర్చలకు లాంఛనంగా తెర లేచింది 2022 జూలైలో. మధ్యలో 13 ఏళ్లు ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేస్తాను.

గ్రీసు అభ్యంతరం మీకు తెలియంది కాదు. తమ ఉత్తర ప్రాంతానికి కూడా మాసిడోనియా అనే పేరు ఉంది కాబట్టి పక్క దేశం ఆ పేరు పెట్టుకోకూడదన్నది వాళ్ల వాదన. అలెగ్జాండర్ వారసత్వం ఎవరిదన్న తగాదా దానికి తోడు. 1994 ఫిబ్రవరి నుంచి ఏడాదిన్నరకు పైగా ఆ చిన్న దేశానికి సరుకులు రాకుండా గ్రీసు దారి మూసేసింది. సముద్రతీరం లేని దేశానికి థెస్సలోనికి ఓడరేవు మూతపడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? వాళ్లు 1995లో గ్రీసుతో తాత్కాలిక ఒప్పందం కుదుర్చుకుని జెండా మార్చుకున్నారు. 2008లో నాటో చేరికకు గ్రీసు మోకాలడ్డింది. అది 1995 నాటి ఒప్పందాన్ని ఉల్లంఘించడమేనని 2011 డిసెంబరులో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది, అదీ 15 మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్కరు మరోవైపు. తీర్పు వచ్చినా గుమ్మం మాత్రం తెరుచుకోలేదు.

స్కోప్యేలో అప్పటి పాలకులు చేసిన ఘనకార్యాలు కూడా తక్కువేమీ కాదు. ప్రధాని నికోలా గ్రుయెవ్‌స్కీ హయాంలో నగరం నడిబొడ్డున గుర్రమెక్కిన వీరుడి విగ్రహం నిలబెట్టి, పేరు పెట్టకుండానే అలెగ్జాండర్ అని అందరికీ అర్థమయ్యేలా చేశారు. గ్రీసును గిల్లడానికే అన్నట్టు విమానాశ్రయానికీ, రహదారికీ ఆ పేరే పెట్టారు. ఊరంతా విగ్రహాలతో నింపేశారు. ఆ సొమ్ముతో ఎన్ని ఆస్పత్రులు కట్టవచ్చో లెక్క వేసేవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు.

అలాంటి చోట, 2018 జూన్ 17న, ప్రెస్పా సరస్సు ఒడ్డున గ్రీసు వైపున్న ప్సరాదెస్ అనే చిన్న పల్లెలో ఒక పందిరి కింద బల్ల వేసి, దేశం పేరును ఉత్తర మాసిడోనియాగా మార్చే ఒప్పందం మీద రెండు దేశాల విదేశాంగ మంత్రులు సంతకాలు చేశారు. గ్రీసు ప్రధాని అలెక్సిస్ సిప్రాస్, మాసిడోనియా ప్రధాని జోరాన్ జాయెవ్ పక్కనే ఉన్నారు. ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి మాథ్యూ నిమెట్స్‌కు సరిగ్గా ఆ రోజే 79 ఏళ్లు నిండాయి. ఏడాదికి ఒక్క డాలరు నామమాత్రపు జీతానికి, రెండు దశాబ్దాలకు పైగా ఈ ఒక్క తగాదా చుట్టూ తిరిగిన మనిషి ఆయన. సంతకాలయ్యాక అందరూ సరస్సు దాటి అవతలి ఒడ్డున ఒతేషెవోలో భోజనం చేశారు. మీ ప్రతినిధులూ ఆ పందిరి కింద ఉన్నారు, చప్పట్లు కొట్టారు.

ఆ సెప్టెంబరు 30న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఓటరు చేతికిచ్చిన కాగితం మీద ఉన్న ప్రశ్నను మీరు మళ్లీ ఒకసారి చదవాలని కోరుతున్నాను. పేరు మార్పు అన్న మాటే అందులో లేదు. గ్రీసుతో ఒప్పందాన్ని అంగీకరించడం ద్వారా యూరోపియన్ యూనియన్, నాటో సభ్యత్వాలకు మీరు అనుకూలమేనా అని అడిగారు. అంటే బేరంలో అటువైపు కూర్చున్నది గ్రీసు ఒక్కటే కాదు, మీరూ. ఓటింగుకు ముందు జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ స్వయంగా స్కోప్యే వెళ్లారు, మీ విదేశాంగ విధాన అధిపతి మొగెరినీ వెళ్లారు, ఆస్ట్రియా ఛాన్సలర్ వెళ్లారు. అవునని చెప్పండి, మీ చోటు మీకు ఉంటుందన్నారు. పోలింగు 37 శాతం దాటలేదు. వచ్చినవాళ్లలో మాత్రం 90 శాతానికి పైగా అవునన్నారు.

ఆ తర్వాత పేరు మార్చే రాజ్యాంగ సవరణకు పార్లమెంటులోని 120 మందిలో 80 ఓట్లు కావాలి. జాయెవ్ దగ్గర అన్ని లేవు. ప్రతిపక్షం నుంచి కొందరిని లాక్కున్నారు. 2017 ఏప్రిల్ 27న ఒక మూక పార్లమెంటులో చొరబడి జాయెవ్ నుదుటి నుంచి రక్తం కారేలా కొట్టింది. ఆ కేసులో నిందితులైన ఎంపీలకు క్షమాభిక్ష దొరికింది. తనను కొట్టినవాళ్లకు తోడ్పడ్డారన్న అభియోగం మోస్తున్న మనుషుల ఓట్లు తీసుకుని ఆయన మీరడిగిన పని పూర్తిచేశాడు. చట్టబద్ధ పాలన గురించి ప్రతి ఏటా ఆ దేశానికి పాఠం చెప్పే మీ నివేదికలు ఆ ఒక్కసారి కాస్త గొంతు తగ్గించాయి. 2019 జనవరి 11న 81 ఓట్లతో సవరణ నెగ్గింది.

ఇక 2019 అక్టోబరు. బ్రస్సెల్స్‌లో మీరంతా కూర్చున్నారు. సభ్యత్వ చర్చలు ఇప్పుడే వద్దని ఫ్రాన్స్ అంది. మాసిడోనియా ఏదో తప్పు చేసిందని కాదు, అసలు చేర్చుకునే పద్ధతే బాగోలేదని, దాన్ని ముందు మార్చాలని. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. మీ కమిషన్ అధ్యక్షుడు యుంకరే దాన్ని చారిత్రక తప్పిదమన్నారు. అన్నారు, అంతే.

పద్ధతి మార్చారు. 2020 మార్చిలో చర్చలకు అందరూ సరేనన్నారు. అదే నెలలో వాళ్లు నాటోలో ముప్పయ్యో సభ్యులయ్యారు. ఆ నవంబరులో బల్గేరియా చెయ్యి అడ్డం పెట్టింది. ఈసారి కొర్రీ పేరు మీద కాదు, భాష మీద, చరిత్ర మీద. మాసిడోనియన్ అనేది బల్గేరియన్ భాషకు ఒక రూపమేనట. 1903లో చనిపోయిన విప్లవకారుడు గోత్సే దెల్చెవ్ ఎవరివాడో తేల్చాలట. ఆయన పుట్టిన ఊరు ఇప్పుడు ఈ రెండు దేశాల్లో దేనిలోనూ లేదు, గ్రీసులో ఉంది. ఈ ప్రశ్నకూ, స్కోప్యేలో న్యాయమూర్తుల నియామకం సవ్యంగా జరుగుతోందా లేదా అన్నదానికీ ఏ సంబంధమూ నాకు కనిపించలేదు. మీలో ఎవరికైనా కనిపించిందా?

బల్గేరియాను దుమ్మెత్తిపోయడం నా ఉద్దేశం కాదు. 1992 జనవరిలో మాసిడోనియా స్వాతంత్ర్యాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు గుర్తించింది ఆ దేశమే. 2017లో రెండు ప్రభుత్వాలూ స్నేహ ఒప్పందం చేసుకుని, చరిత్ర తగాదాలను ఆచార్యుల ఉమ్మడి సంఘానికి అప్పగించాయి. మంచి ఆలోచన. ఆచార్యులు తమ వేగంతో తాము వాదించుకుంటారు, యాభై ఏళ్లయినా ఫరవాలేదు. కానీ వాళ్ల చర్చ తేలితేనే ఒక దేశం ముందుకు కదలాలని మెలిక పెట్టడంతో, పండితుల బల్ల మీద ఉండాల్సిన కాగితాలు మీ బల్ల మీదికి వచ్చాయి. మీరు వాటిని పక్కకు జరపలేదు. 2022లో ఫ్రాన్స్ ప్రతిపాదన పేరుతో వాటికి ముద్ర వేసి చర్చల చట్రంలోనే బిగించారు.

ఆ ప్రతిపాదన ప్రకారం రాజ్యాంగంలో బల్గేరియన్లను కూడా ఒక ప్రజా సమూహంగా పేర్కొనాలి. 2021 జనగణనలో తమను బల్గేరియన్లుగా రాయించుకున్నవారు 3,504 మంది. మైనారిటీ చిన్నదైనా గుర్తింపు ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే తప్పు, అందులో నాకు రెండో మాట లేదు. అయితే అటువైపు చూడండి. బల్గేరియాలో తమను మాసిడోనియన్లుగా చెప్పుకునేవారి సంఘాల విషయంలో ఆ దేశం హక్కులను ఉల్లంఘించిందని స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2001 నుంచి పలుమార్లు తీర్పులిచ్చింది. సభ్యత్వం ఉన్నవాడిని అడగని ప్రశ్న, సభ్యత్వం అడిగేవాడిని ఎందుకు అడుగుతున్నారు?

గ్రుయెవ్‌స్కీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఖరీదైన మెర్సిడెస్ కారు కొనుగోలులో అక్రమంగా జోక్యం చేసుకున్నందుకు ఆయనకు రెండేళ్ల జైలు పడింది. 2018 నవంబరులో జైలుకు వెళ్లాల్సిన రోజుల్లో మాయమై, బుడాపెస్ట్‌లో తేలాడు. హంగరీ ఆయనకు ఆశ్రయమిచ్చింది. మీలో ఒకరు. అవినీతిపరులను శిక్షించండని ఒక చేత్తో రాసి, శిక్ష పడినవాణ్ని ఇంకో చేత్తో దాచిపెట్టుకుంటే, స్కోప్యేలో కోర్టుల సంస్కరణ గురించి మాట్లాడే యువ న్యాయవాదికి మీరేం సమాధానం చెబుతారు?

ఈ తతంగం మామూలు మనుషుల చేతుల్లో ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. మా ఆఫీసులో ఒకామె ఉత్తర మాసిడోనియాలోని బితోలా ఊరి మనిషి. దేశం పేరు మారింది కాబట్టి 2024 ఫిబ్రవరి 12 తర్వాత పాత పాస్‌పోర్టు చెల్లదు. అది తప్పితే దాని గడువు ఇంకా ఉంది. సెలవు పెట్టి వెళ్లింది. అక్కడ విదేశాల్లో పనిచేసే వాళ్లతో సహా అందరిదీ అదే అవసరం, అదే వరుస. తిరిగొచ్చాక రెండు పుస్తకాలూ బల్ల మీద పెట్టి చూపించింది. పాతదాని మూలలు కత్తిరించేశారు. కొత్తదాని మీద బంగారు రంగులో ఒక మాట ఎక్కువ ఉంది, అంతే తేడా. వాళ్ల నాన్న కారు ప్లేటు మీద దేశ సంకేతం ఎంకే అన్న చోట ఎన్‌ఎంకే అని స్టిక్కరు అతికించుకుని సరిహద్దు దాటుతున్నాడట. వేసవిలో ఎండకు అది పెచ్చులూడితే మళ్లీ కొత్తది కొనాలి. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. దేశభక్తి ఉపన్యాసాలంటే ఆమెకు ఒళ్లు మంట. ఇంతా చేసి మేం కొన్నది ఏమిటి అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ సరుకు అమ్మింది మీరు.

కొనుక్కున్నది దక్కకపోతే జనం ఏం చేస్తారో 2024 మే నెలలో చూశారు. పేరు మార్పును ముందు నుంచీ వ్యతిరేకించిన పార్టీకి 120లో 58 స్థానాలు వచ్చాయి. సంతకం పెట్టిన పార్టీకి 18. కొత్త అధ్యక్షురాలు గోర్దానా సిల్యానోవ్‌స్కా దావ్‌కోవా ప్రమాణ స్వీకారంలో ఉత్తర అన్న మాట వదిలేశారు. గ్రీసు రాయబారి లేచి వెళ్లిపోయారు. మీరు ఖండన ప్రకటనలు ఇచ్చారు. ఒప్పందాన్ని గౌరవించాలన్నారు. అవును, గౌరవించాలి. ఆమె చేసింది సరికాదు. కానీ ఒప్పందంలో తమ వంతు నెరవేర్చనివాళ్లు ఆ మాట అంటుంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంది.

2024 సెప్టెంబరులో, అప్పటిదాకా జంటగా నడిపిస్తున్న అల్బేనియాను విడదీసి ముందుకు పంపారు. అల్బేనియాకు శుభం జరగాలి. ఉక్రెయిన్, మోల్డోవాలకు 2022లో నెలల వ్యవధిలో అభ్యర్థి హోదా ఇచ్చారు. యుద్ధంలో ఉన్న దేశానికి ధైర్యం చెప్పడం అవసరం, ఎవరూ కాదనరు. ఆ యుద్ధం మొదలైనప్పటి నుంచి మీ ఆంక్షలన్నిటినీ మారుమాట లేకుండా అమలుచేసి, తమ దగ్గరున్న టీ-72 ట్యాంకులను ఉక్రెయిన్‌కు పంపిన చిన్న దేశానికి మాత్రం రాజ్యాంగం సవరించుకుని రా అన్న పాత జవాబే.

ఈలోగా దేశం ఖాళీ అవుతోంది. 2002లో 20 లక్షలకు పైగా ఉన్న జనాభా 2021 నాటికి 18 లక్షల 37 వేలకు పడిపోయింది. మీ యూనియన్‌లోకి దేశం రాకపోయినా మనుషులు వచ్చేస్తున్నారు. డాక్టర్లు, నర్సులు, డ్రైవర్లు. పూర్వీకులు బల్గేరియన్లని కాగితాలు చూపించి బల్గేరియా పాస్‌పోర్టు తీసుకుని వచ్చినవాళ్లు కూడా వేలల్లో ఉన్నారు. ఇందులో ఉన్న వెటకారం బల్గేరియా రాజధాని సోఫియాలోని పెద్దలకు తట్టకుండా ఉండదు.

వాళ్ల ఇంట్లో తప్పుల్లేవని నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. 2025 మార్చి 16న కొచాని పట్టణంలో ఒక డ్యాన్స్ క్లబ్‌లో బాణసంచా నిప్పురవ్వలు పైకప్పుకు అంటుకుని 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది ఇరవై ఏళ్ల పిల్లలు. ఆ క్లబ్ లైసెన్సు లంచంతో సంపాదించిందన్న అనుమానం మొదటి రోజే బయటికొచ్చింది. వందల మంది ఇరుక్కున్న హాలు, సరైన అత్యవసర ద్వారం లేదు, అన్నీ సక్రమమేనని సర్కారు ముద్ర. మీ సంస్కరణల పట్టికలో అవినీతి నిరోధం అన్న అంశం అక్కడ కొన్ని గంటల్లో అరవై శవాలుగా మారింది. ఆ వారమంతా వీధుల్లోకి వచ్చిన కుర్రవాళ్లు గోత్సే దెల్చెవ్ గురించి అడగలేదు. లైసెన్సు ఎవరిచ్చారని అడిగారు. కాలిన గాయాలతో ఉన్నవాళ్లను విమానాల్లో, హెలికాప్టర్లలో బయటి దేశాలకు తరలించినప్పుడు బల్గేరియా, గ్రీసు ఆస్పత్రులు కూడా చేర్చుకున్నాయి. ఎవరూ షరతులు పెట్టలేదు.

నా ఫిర్యాదు ఇదే. మీరు గట్టిగా పట్టుబట్టాల్సినవి ఆ లైసెన్సులు, ఆ కోర్టులు, ఆ టెండర్లు. అక్కడ ఎంత కఠినంగా ఉన్నా మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు, అక్కడి జనమే మీ వెనుక నిలబడతారు. మీ పలుకుబడి మొత్తాన్ని తెచ్చి జెండా మీద, పేరు మీద, పూర్వీకుల మీద ఖర్చుపెట్టారు. ఇప్పుడు లైసెన్సు గురించి గద్దిస్తే భయపడేవాడు లేడు. ఎటూ చేర్చుకోరు కదా అని పాలకుడికి ధీమా. సంస్కరణలు ఎందుకు ఆగాయంటే బల్గేరియా వైపు వేలు చూపిస్తే చాలు, ఓట్లు రాలతాయి.

కాబట్టి ప్రధాని హ్రిస్తియాన్ మిత్స్కోస్కీ గారికి కూడా ఒక మాట. రాజ్యాంగ సవరణ చేసేయండి. మూడు వేల అయిదు వందల మంది పౌరుల పేరు పీఠికలో రాసినంత మాత్రాన దేశం కరిగిపోదు. అల్బేనియన్లు, టర్కులు, వ్లాహ్‌లు, సెర్బులు, రోమాలు, బోస్నియాక్‌లు అందులో ఇప్పటికే ఉన్నారు. రేపు ఇంకో షరతు పెడతారేమోనన్న మీ భయంలో న్యాయముంది. ఆ భయాన్ని తీర్చాల్సింది మాత్రం నేను పైన సంబోధించిన పెద్దలు. అయితే ఆ భయం పేరు చెప్పి కొచాని లాంటి ఫైళ్లను నానబెట్టడానికి మీకు హక్కు లేదు.

ఇక మీ వైపు. మీ యూనియన్ మూల ఒప్పందంలోని 49వ అధికరణ ప్రకారం కొత్త సభ్యుణ్ని చేర్చుకోవడానికి అందరి సమ్మతీ కావాలి. సరే, చివర్లో ఆ అధికారం ప్రతి దేశానికీ ఉండనివ్వండి. కానీ మధ్యలో సభ్యత్వ చర్చల్లోని ప్రతి అధ్యాయం తెరవడానికీ, మూయడానికీ కూడా 27 మందీ తలూపాలన్నది మీరు అలవాటు చేసుకున్న పద్ధతి. ఎవరో ఒకరికి ఎన్నికలు దగ్గరపడితే ఇక్కడ ఒక అధ్యాయం ఆగిపోతుంది. ఆ మధ్య మెట్ల దగ్గర 55 శాతం దేశాలు, 65 శాతం జనాభా అన్న మీ మామూలు మెజారిటీ లెక్కే వాడవచ్చని మీలోనే జర్మనీ, స్లొవేనియా ప్రతిపాదించాయి. అది ఏ సొరుగులో ఉందో తీయండి.

రెండోది ఇంకా చిన్న పని. రాజ్యాంగ సవరణ పూర్తయిన రోజున మొదటి అధ్యాయాల సమూహం తెరుస్తామనీ, ఆ తర్వాత చరిత్ర, భాష, జాతి గుర్తింపు పేరుతో ఏ సభ్య దేశమూ కొత్త షరతు చేర్చబోదనీ శిఖరాగ్ర సమావేశపు తీర్మానంలో రాసివ్వండి. నోటి మాట వద్దు. నోటి మాటలు 2018 సెప్టెంబరులో చాలినన్ని వచ్చాయి. 27 మందీ ఒప్పుకున్న రెండు వాక్యాలు, బల్గేరియా ప్రధాని సమ్మతితో సహా.

బల్గేరియా ఒప్పుకోదంటారా? ఎవరైనా ఒప్పుకునేదాకా ఒక గదిలో తెల్లవార్లూ కూర్చోవడం మీకు కొత్త కాదు. 2015లో గ్రీసు అప్పుల గురించి 17 గంటలు ఏకబిగిన కూర్చున్నారు. ఉత్తర మాసిడోనియా కోసం ఒక్క రాత్రి కూర్చోండి.

ఇట్లు,
జర్మనీ నుంచి ఒక తెలుగు ఉద్యోగి

ప్రతులు: ఉత్తర మాసిడోనియా ప్రధాని కార్యాలయం, స్కోప్యే, బల్గేరియా ప్రధాని కార్యాలయం, సోఫియా.